కురాబియేదెస్, మెలోమకారోనా: గ్రీకు అత్తగారింటి క్రిస్మస్ బిస్కెట్లు (కొలతలతో)

కవాలా_కోడలు | డిసెంబర్ 8, రాత్రి 9:40

నమస్తే అండీ. గ్రీసులో క్రిస్మస్‌కి ఏం చేసుకుంటారు, మన వంటింట్లో అయ్యేవి ఏమైనా ఉన్నాయా అని ఇక్కడ చాలామంది అడుగుతూనే ఉన్నారు. నిన్న అత్తగారింట్లో ఆ పనే అయింది కాబట్టి మర్చిపోకముందే రాసేస్తున్నా.

మేముండేది ఉత్తర గ్రీసులో, సముద్రం ఒడ్డున కవాలాలో. అత్తగారి ఊరు పక్కనే నేయా కర్వాలి. కురాబియేదెస్ ఎక్కడివి బాగుంటాయని ఇక్కడ ఎవర్నడిగినా ముందు ఈ ఊరి పేరే చెప్తారు. ఊరి జనం అసలు టర్కీ నడిమధ్యన ఉన్న కప్పడోకియా వాళ్ళు. 1923లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో గ్రీసు, టర్కీ తమ జనాన్ని మార్చుకోవాలని ఒప్పందం రాసుకున్నాయి. దానికి ముందూ వెనకా కలిపి పన్నెండు లక్షల మందికి పైగా క్రైస్తవులు ఇల్లూ వాకిలీ వదిలి ఇటు రావాల్సి వచ్చింది. గెల్వెరి అనే ఊరి వాళ్ళు తమ చర్చిలోని సెయింట్ గ్రెగరీ అస్థికలు కూడా మోసుకుని వచ్చి ఇక్కడ దిగారు. వాళ్ళలో మా ఆయన నాయనమ్మ తల్లిదండ్రులు ఉన్నారు, అప్పటికి చిన్నపిల్లలు. నాయనమ్మని ఇక్కడ యయా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను.

డిసెంబర్‌లో ఒక శనివారం అందరం యయా దగ్గర చేరతాం. రెండు రకాలు తప్పనిసరి. కురాబియేదెస్ అంటే వెన్న, బాదంపప్పుతో చేసి పంచదార పొడిలో పాతిపెట్టేవి. మెలోమకారోనా అంటే నూనె, నారింజ రసంతో చేసి తేనెపాకంలో ముంచేవి.

యయాకి ఎనభై దాటాయి. పొయ్యి దగ్గర కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పెద్ద బేసిన్ పెట్టుకుని, వెన్న చేత్తోనే గిలక్కొడుతుంది. మా ఆడపడుచు మిక్సర్ కొనిచ్చింది గానీ అది ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. అరచెయ్యి ఒక్క పక్కకే తిప్పుతుంది. వెన్న రంగు పోయి తెల్లబడాలి, ఉబ్బాలి, చేతికి జిడ్డు కంటే గాలి ఎక్కువ తెలియాలి. అప్పటిదాకా ఎవరు ఏం మాట్లాడినా ఊఁ కొడుతుందే తప్ప చెయ్యి ఆపదు. బాదంపప్పు వేయించడం అత్తగారి పని. పాకం మావయ్యగారిది, అందులో ఇంకెవరూ వేలు పెట్టకూడదు. మెలోమకారోనా మీద గీతలు వేయడం పిల్లలది.

ఇక కొలతలు. యయా దేనికీ కొలత చూడదు. అత్తగారి నోటుపుస్తకంలో కూడా పిండి దగ్గర “పట్టినంత” అనే ఉంది. అందుకని ఈసారి బేసిన్‌ని తీసుకెళ్ళి తూకం మీద పెట్టాను. ఆవిడ ఏదైనా వేసే ముందు తూకం సున్నాకి తేవడం, వేశాక రాసుకోవడం. కాసేపు ఊరుకుని, “ఏమ్మా, నేనేమన్నా నిన్ను మోసం చేస్తున్నానా?” అంది. మావయ్యగారు పాకం కలుపుతూ, “ఇవాళ్టికి బంగారం కొట్టు అనుకో అమ్మా” అన్నారు. ఆ తర్వాత ఆవిడే ప్రతిసారీ ఆగి, రాసుకున్నావా అన్నట్టు నా మొహం చూడ్డం మొదలెట్టింది.

కురాబియేదెస్: ఉప్పు లేని వెన్న 500 గ్రాములు, పంచదార పొడి 150 గ్రాములు, గుడ్డు పచ్చసొనలు రెండు, బ్రాందీ రెండు పెద్ద చెంచాలు, కాస్త వెనిలా, బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా, వేయించి కచ్చాపచ్చాగా దంచిన బాదంపప్పు 250 గ్రాములు, మైదా 900 గ్రాముల దగ్గర్లో. వెన్న, పంచదార పొడి కలిపి చేత్తో అయితే ఇరవై నిమిషాలు, బీటర్‌తో అయితే పది పదిహేను నిమిషాలు గిలకొట్టాలి. ఇక్కడ తొందరపడితే మిగతా అంతా దండగ. తర్వాత సొనలు, బ్రాందీ, బాదం. మైదా గుప్పెడు గుప్పెడు వేస్తూ పైపైన కలపాలి. ముద్ద చేతికి అంటుకోవడం మానేయగానే ఆపేయాలి, మైదా ఇంకా మిగిలి ఉన్నా సరే. చపాతీ పిండి పిసికినట్టు పిసక్కూడదు. చిన్న ఉండలు చేసి నడుమ వేలితో నొక్కి, లేదా చంద్రవంకలుగా చేసి, 170 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు కాల్చాలి. అడుగు లేత బంగారు రంగు రావాలి, పైన తెల్లగానే ఉండాలి. వేడి మీదే గులాబీ పన్నీరు చిలకరించి, పూర్తిగా చల్లారాక పంచదార పొడి జల్లెడ పట్టాలి. వేడి మీద పొడి వేస్తే కరిగి పేస్టులా అంటుకుపోతుంది.

మెలోమకారోనా: మైదా 500 గ్రాములు, సన్న బొంబాయి రవ్వ 100 గ్రాములు, నూనె 280 మిల్లీలీటర్లు, నారింజ రసం 200 మిల్లీలీటర్లు, పంచదార మూడు పెద్ద చెంచాలు, బ్రాందీ రెండు పెద్ద చెంచాలు, వంటసోడా అర చిన్న చెంచా, దాల్చినచెక్క పొడి ఒకటిన్నర చిన్న చెంచా, లవంగాల పొడి పావు చిన్న చెంచా, ఒక నారింజ తొక్క తురుము. తడి సరుకులన్నీ ఒక గిన్నెలో, పొడి సరుకులన్నీ ఇంకో దాంట్లో. సోడాని నారింజ రసంలో వేస్తే బుసబుసా పొంగుతుంది, గిన్నె పెద్దది తీసుకోండి. ఆ తడిని పొడిలో పోసి, చేత్తో అటూ ఇటూ మడిచి, కలిసిందనగానే వదిలేయాలి. కోడిగుడ్డు ఆకారంలో చిన్న ముద్దలు చేసి, సన్న తురుముపీట వెనక్కి నొక్కితే పైన గరుకు గీతలు పడతాయి. పాకం పట్టుకునేది ఆ గీతల్లోనే. 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు, బాగా ఎర్రబడేదాకా.

పాకానికి నీళ్ళు 250 మిల్లీలీటర్లు, పంచదార 400 గ్రాములు, ఒక దాల్చినచెక్క, రెండు లవంగాలు, నారింజ చెక్క ఒకటి. పంచదార కరిగి ఒక్క పొంగు రాగానే దించి, అప్పుడు 150 గ్రాముల తేనె కలపాలి. తీగపాకం రానివ్వకండి. పాకం పొద్దున్నే చేసి చల్లార్చి పెట్టుకోవాలి. ఓవెన్లోంచి తీసిన వేడి బిస్కెట్టుని చల్లటి పాకంలో పదిహేను ఇరవై సెకన్లు ముంచి తీసి, పైన వాల్‌నట్ పలుకులు చల్లడమే.

అడగండి, తెలిసింది చెప్తా.

రవ్వలడ్డు | డిసెంబర్ 8, రాత్రి 10:15

అక్కా, తూకం సంగతి చదివి మా అమ్మకి చూపించా. “నా సాంబారు పొడికి ఎవరూ తూకం పెట్టలేదు” అంటోంది. 😄

సందేహం ఏంటంటే, హైదరాబాద్‌లో మామూలుగా దొరికే పసుపు వెన్నలో ఉప్పు ఉంటుంది కదా. దాంతో నడుస్తుందా?

కావలి_కుర్రోడు | డిసెంబర్ 8, రాత్రి 10:22

మాది నెల్లూరు జిల్లా కావలి. హెడ్డింగ్ కింద పేరు చూసి మన ఊరి కోడలే అనుకుని పరిగెత్తుకొచ్చా. కవాలా అంట. సర్లే, వచ్చాను కాబట్టి చదివి పోతా.

పాలకేంద్రం_సుబ్బయ్య | డిసెంబర్ 9, ఉదయం 6:05

రవ్వలడ్డు గారూ, ఉప్పు వెన్న వద్దు. ఇంట్లో గేదెపాలు తోడేసి చిలికిన వెన్న ఉంటే అంతకంటే మంచిది లేదు. ఎందుకో చెప్తా. ఆవు మేతలోని పసుపు రంగు పదార్థం, అదే కెరోటిన్, కొంత అలాగే వెన్నలోకి వచ్చేస్తుంది. గేదె దాన్ని ఒంట్లోనే విటమిన్ ఏ కింద మార్చేసుకుంటుంది, అందుకే గేదె వెన్న తెల్లగా ఉంటుంది. గొర్రె, మేక కూడా అంతే. గ్రీసులో ఏ వెన్న వాడతారో అమ్మాయే చెప్పాలి గానీ, ఆ కొండల్లో గొర్రెలూ మేకలే ఎక్కువని విన్నాను.

ఒక్క జాగ్రత్త. ఇంటి వెన్నలో మజ్జిగ ఉండిపోతుంది. చల్లటి నీళ్ళలో వేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, గట్టిగా పిండి, గుడ్డలో కాసేపు వేలాడదీయండి. లేకపోతే ముద్ద జారుగా వచ్చి మైదా ఎక్కువ తాగుతుంది.

కవాలా_కోడలు | డిసెంబర్ 9, ఉదయం 11:30

బాబాయ్ గారూ, మీ అంచనా కరెక్టే. మా యయా వాడేది గొర్రె, మేక పాల వెన్నే. మొదటిసారి ఈ ఇంట్లో డబ్బా మూత తీసి వాసన చూసినప్పుడు ఇది మా పెరట్లో గేదె వెన్నే కదా అనిపించింది. ఆవు వెన్నతో చేసినవి కూడా షాపుల్లో ఉంటాయి, కాస్త పసుపుగా వస్తాయి, రుచి చప్పగా ఉంటుందని అత్తగారి అభిప్రాయం. నాదీ అదే.

గుంటూరు_గృహిణి | డిసెంబర్ 9, మధ్యాహ్నం 1:10

వెన్న కడిగే ఓపిక లేనివాళ్ళ సంగతేంటి? నెయ్యి వేస్తే కుదరదా?

కెమిస్ట్రీ_మాస్టారు | డిసెంబర్ 9, సాయంత్రం 5:45

కుదురుతుందమ్మా, కానీ సరిసమానంగా వేయకూడదు. వెన్నలో కొవ్వు 80 నుంచి 82 శాతం, మిగతాదంతా దాదాపు నీళ్ళే. నెయ్యి మొత్తం కొవ్వే. 500 గ్రాముల వెన్నకి బదులు 400, 410 గ్రాముల నెయ్యి చాలు. నీళ్ళు లేవు కాబట్టి మైదాలో జిగురు పుట్టదు, బిస్కెట్టు ఇంకా గుల్లగా వస్తుంది. కరిగిన నెయ్యి గిలకొట్టినా గాలి పట్టదు. గడ్డకట్టి చెంచాకి మెత్తగా వచ్చే నెయ్యి తీసుకోండి. పూస మరీ పెద్దదైతే కాస్త ఎక్కువసేపు గిలకొట్టాలి.

కవాలా_కోడలు | డిసెంబర్ 9, సాయంత్రం 6:20

మాస్టారూ, ఇక్కడ కూడా కొందరు వెన్న కాచి తేరిన కొవ్వుతోనే చేస్తారు. మా పక్కింటావిడ అలాగే చేస్తుంది. చేత్తో ఎత్తితేనే విరిగిపోతాయి, అంత గుల్ల. యయాకి మాత్రం నచ్చదు. “పళ్ళకి ఏమన్నా పని ఉండాలి కదా” అంటుంది, ఆవిడకున్నవి కట్టుడుపళ్ళు.

చిట్టిగారె | డిసెంబర్ 9, రాత్రి 8:50

ఇదంతా సరే, మెలోమకారోనాలో నూనె ఎందుకండీ? స్వీటంటే నెయ్యో వెన్నో ఉండాలి. నేను ఒక వీడియోలో వెన్నతో చేసింది చూశాను, పైన చాక్లెట్ కూడా పోశాడు. అదే బాగుంటుందేమో?

కవాలా_కోడలు | డిసెంబర్ 9, రాత్రి 9:35

చిట్టిగారె గారూ, మీ వంటింట్లో మీ ఇష్టం. కానీ నా ఓటు మాత్రం గట్టిగా వద్దు అనే.

క్రిస్మస్‌కి ముందు ఇక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకి నలభై రోజుల ఉపవాసం ఉంటుంది, నవంబర్ 15 నుంచి డిసెంబర్ 24 దాకా. మాంసం, గుడ్లు, పాలు, వెన్న, జున్ను ఏవీ ముట్టరు. పండగ పిండివంట చేయాల్సిందేమో ఆ ఉపవాసం రోజుల్లోనే. ఇంట్లో ఆలివ్ నూనె ఉంది, చెట్టుకి నారింజలు ఉన్నాయి, తేనె ఉంది, వాల్‌నట్లు ఉన్నాయి. ఈ వంటకంలోకి వెన్న, గుడ్డు రాలేదంటే మర్చిపోయి కాదు. చేసేటప్పుడు వేలు నాకినా తప్పు లేకుండా చేశారు. కురాబియేదెస్‌లో వెన్న ఉంది కాబట్టి అవి డబ్బాలోకి వెళ్ళిపోతాయి, పండగ రోజు పొద్దున చర్చి నుంచి వచ్చాకే మూత తీస్తారు. మా ఇంట్లో ఇప్పుడు ఉపవాసం పూర్తిగా చేసేది యయా ఒక్కతే. మా ఆయన ఆ డబ్బా చుట్టూ తిరుగుతుంటే ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.

రుచి లెక్కలో చూసినా నూనే గెలుస్తుంది. వెన్న చల్లారితే గడ్డకడుతుంది, పాకం లోపలికి పోదు. నూనెతో చేసింది వారం తర్వాత కూడా మెత్తగా, లోపల తడిగా ఉంటుంది.

చాక్లెట్ పోసినవి ఇక్కడి బేకరీల్లో కూడా వరసగా పెడుతున్నారు. తేనె, దాల్చినచెక్క, నారింజ మూడూ ఉన్నదాని మీద ఇంకా చాక్లెట్ ఎందుకో నాకు అర్థం కాదు.

చిట్టిగారె | డిసెంబర్ 9, రాత్రి 9:50

ఇంత కథ ఉందని తెలీదండీ. సరే, నూనే. ఆలివ్ నూనె వంద శాతమా? కిలోకి అంత పెట్టి కొనాలంటే గుండె ఝల్లుమంటోంది.

కవాలా_కోడలు | డిసెంబర్ 9, రాత్రి 10:02

అక్కర్లేదు. మూడో వంతు ఆలివ్ నూనె, మిగతా పొద్దుతిరుగుడు నూనె. ఇక్కడే చాలా ఇళ్ళలో అలా కలుపుతారు. ఘాటైన ఆలివ్ నూనె ఒక్కటే పోస్తే చేదు పైకి వస్తుంది. పల్లీ నూనె, నువ్వుల నూనె మాత్రం వద్దు, వాటి వాసనే మిగులుతుంది.

ఓక్లీ_వాసి | డిసెంబర్ 10, ఉదయం 4:30

మెల్‌బోర్న్ నుంచి. మేముండే ఓక్లీలో వీధి వీధికీ గ్రీకులే. గ్రీసు బయట గ్రీకులు ఇంత ఎక్కువగా ఉన్న ఊళ్ళు తక్కువ. డిసెంబర్ వస్తే బజార్లో బేకరీల కిటికీల్లో తెల్లగుట్టలు, ఎర్రగుట్టలు పక్కపక్కనే. నువ్వు ఏ జట్టు, కురాబియేనా మెలోమకారోనోనా అని ఆఫీసులో ఓట్లు కూడా పెట్టుకుంటారు. నేను మెలోమకారోనో జట్టు. నల్ల చొక్కా వేసుకుని కురాబియే తిన్నవాడెవడూ రెండో జట్టులో చేరడు.

మా పక్కింటి ముసలావిడ ఒక్కో కురాబియే నడుమ ఒక లవంగం గుచ్చుతుంది. పెట్టేటప్పుడు చెప్పదు, కొరికాక తెలుస్తుంది. మీ దగ్గర కూడా అంతేనా?

ఇంకోటి. ఇక్కడ డిసెంబర్ అంటే నడి ఎండాకాలం. ముద్ద చేస్తుండగానే వెన్న కరిగి కారుతుంది. ఆవిడ చేసేదేంటంటే, ఉండలు చేసి ట్రేలో పేర్చాక ట్రేతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, అక్కడ్నించి నేరుగా ఓవెన్లోకి తోస్తుంది. ఆకారం చెదరదు. విజయవాడ, రాజమండ్రి వాళ్ళకి పనికొస్తుందని చెప్తున్నా.

కవాలా_కోడలు | డిసెంబర్ 10, ఉదయం 10:15

లవంగం కొన్నిళ్ళలో గుచ్చుతారు, మా ఇంట్లో లేదు. పిల్లలున్న ఇల్లు కదా. ఫ్రిజ్ చిట్కా బాగుంది, ఇక్కడి చలికి మాకు ఆ అవసరం రాదు.

జట్ల గొడవ ఇక్కడా ప్రతి ఏడూ ఉంటుంది. నాది కురాబియే జట్టు, తెల్ల స్వెట్టర్ వేసుకుంటే సరి.

నిడదవోలు_నాగ | డిసెంబర్ 10, మధ్యాహ్నం 2:40

అక్కా, మా వదిన మొన్న వేరే వీడియో చూసి మెలోమకారోనా చేసింది. నూనె మొత్తం ముద్దలోంచి బయటికొచ్చేసి చెయ్యంతా జిడ్డు, కాలిస్తే గట్టిగా వచ్చాయి, పాకం పీల్చలేదు. ఎక్కడ తేడా వచ్చుంటుంది?

కెమిస్ట్రీ_మాస్టారు | డిసెంబర్ 10, సాయంత్రం 5:30

ముద్దని బాగా పిసికి ఉంటారు. నారింజ రసంలో ఉన్నది నీళ్ళే కదా. నీళ్ళు, మైదా కలిసి పిసుకుడు పడితే గ్లూటెన్ అనే జిగురు వలలా అల్లుకుంటుంది. ఆ వల బిగుసుకుంటూ తన మధ్య ఉన్న నూనెని బయటికి నెట్టేస్తుంది. అందుకే చెయ్యి జిడ్డు, బిస్కెట్టు గట్టి. రవ్వ వేయడం కూడా కొంత ఇందుకే, ఆ అల్లికని తెంపుతుంది, పాకానికి చోటిస్తుంది. పొడి పిండి కనపడకుండా పోయిందా, చెయ్యి తీసేయాలి. అక్కడక్కడా పిండి గీతలు ఉన్నా నష్టం లేదు.

కవాలా_కోడలు | డిసెంబర్ 10, సాయంత్రం 6:00

మాస్టారు చెప్పిందానికి ఒక్కటి కలుపుతా. పాకం, బిస్కెట్టు రెండూ చల్లగా ఉన్నా పీల్చవు. రెండూ మరిగే వేడి మీద ఉంటే విచ్చిపోతాయి. ఒకటి వేడి, ఒకటి చల్లన ఉండాలి. చల్లారిన బిస్కెట్లని వేడి పాకంలో ముంచేవాళ్ళూ ఉన్నారు, అదీ పనిచేస్తుంది. మావయ్యగారు మాత్రం చల్లటి పాకమే అంటారు. చిల్లుల గరిటెలో నాలుగు బిస్కెట్లు పెట్టి ముంచి, బుడగలు రావడం ఆగేదాకా చూసి తీస్తారు. మా చిన్నాడు పక్కన నిలబడి బుడగలు లెక్కపెడతాడు.

ఉప్పలపాటి_ఇల్లాలు | డిసెంబర్ 11, ఉదయం 8:20

మా ఇంట్లో మందు వాసన కూడా రానివ్వరు. గుడ్డు కూడా తినం. ఇక నాకేం మిగిలింది చెప్పండి?

కవాలా_కోడలు | డిసెంబర్ 11, ఉదయం 11:00

రెండూ మిగిలాయి. బ్రాందీ బదులు అంతే నారింజ రసం పోయండి. మెలోమకారోనాలో గుడ్డు ఎలాగూ లేదు. కురాబియేదెస్‌లో పచ్చసొన చాలా ఇళ్ళలో వేయనే వేయరు. సొన మానేస్తే మైదా ఒక గుప్పెడు తగ్గించండి చాలు, ఇంకా తెల్లగా వస్తాయి.

ఉప్పలపాటి_ఇల్లాలు | డిసెంబర్ 11, ఉదయం 11:06

గుడ్డు తీసేస్తే ఇది నానకటాయే కదండీ?

కవాలా_కోడలు | డిసెంబర్ 11, ఉదయం 11:20

దగ్గరి చుట్టమే. బాదం పలుకులు, గులాబీ పన్నీరు, మీద గుట్టగా పంచదార, ఈ మూడూ చేరాక రుచి వేరే దారి పడుతుంది. చేసి చూసి మీరే చెప్పండి.

తేనెటీగ_99 | డిసెంబర్ 11, మధ్యాహ్నం 3:15

తేనె ఏది వాడతారు? ఇక్కడ మాకు అడవితేనె దొరుకుతుంది, చాలా ఘాటు.

కవాలా_కోడలు | డిసెంబర్ 11, రాత్రి 7:45

ఇక్కడ ఎక్కువగా పైన్ చెట్ల తేనె. గ్రీసులో వచ్చే తేనెలో సగానికి పైగా అదే. తమాషా ఏంటంటే అది పూల తేనె కాదు. పైన్ చెట్టు బెరడులో ఒక చిన్న పురుగు రసం పీల్చి తియ్యటి చుక్కలు వదులుతుంది, తేనెటీగలు వాటిని ఏరుకుంటాయి. మా ఎదురుగా ఉన్న థాసోస్ దీవి నుంచి మావయ్యగారి స్నేహితుడు ఏటా తెచ్చిస్తాడు. చిక్కగా, ముదురు రంగులో, తీపి తక్కువగా ఉంటుంది, తొందరగా గడ్డకట్టదు.

మీ అడవితేనె బ్రహ్మాండంగా ఉంటుంది. 150 గ్రాముల బదులు 100 వేసి రుచి చూడండి. పొయ్యి ఆపాకే కలపాలి, తేనె మరిగితే వాసన పోతుంది.

బేగంబజార్_భాయ్ | డిసెంబర్ 12, ఉదయం 10:30

ఒక సవాల్. మా దుకాణం పక్కన బేకరీ సామాన్ల హోల్‌సేల్ ఉంది. ఆయన దగ్గర బేకింగ్ అమ్మోనియా చూసిన. గ్రీకోళ్ళు కూడ బిస్కెట్లల్ల ఏస్తరని ఎవరో అన్నరు. వీటిల్ల ఏడుంది మరి?

కవాలా_కోడలు | డిసెంబర్ 12, మధ్యాహ్నం 12:10

అన్నా, అది ఈస్టర్ బిస్కెట్లలో. వాటిని కులురాకియా అంటారు. వెన్న, గుడ్లు, పంచదారతో చేసి, చిన్న జడల్లాగా అల్లి, పైన గుడ్డు సొన పూసి, నువ్వులు చల్లి కాలుస్తారు. ఈస్టర్ ముందు వారంలో చేసిపెట్టుకుని, శనివారం అర్ధరాత్రి పూజ అయ్యాక తింటారు. క్రిస్మస్‌వాటిలో అమ్మోనియా వేయం.

కెమిస్ట్రీ_మాస్టారు | డిసెంబర్ 12, సాయంత్రం 5:50

దాని అసలు పేరు అమ్మోనియం బైకార్బొనేట్. 60 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి కింద విడిపోతుంది, వెనక ఏమీ మిగలదు. అందుకే బిస్కెట్టు కరకరలాడుతుంది. పల్చటి, పొడి బిస్కెట్లకే వాడాలి. కేకులాంటి మందపాటి వాటిలో వాసన లోపలే చిక్కుకుంటుంది. కాల్చేటప్పుడు ఓవెన్ తలుపు తీయగానే మొహం అడ్డం పెట్టకండి. డబ్బా మూత తీసి వాసన చూసే సరదా అసలే వద్దు.

బేగంబజార్_భాయ్ | డిసెంబర్ 12, సాయంత్రం 6:15

మాస్టారు సాబ్, ఆ సరదా మా పోరగాడు పొద్దుగాల్నే తీర్చుకున్నడు. ఇంక కండ్లు తుడుచుకుంటనే ఉన్నడు. 😂

నిడదవోలు_నాగ | డిసెంబర్ 15, రాత్రి 9:00

అక్కా, రిపోర్ట్! ఇవాళ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. మాది పెద్ద ఓవెన్ కాదు, చిన్న ఓటీజీ. కింది అరలో పెట్టి 160 దగ్గర కాల్చాం, ఒక వాయికి పన్నెండే పడుతున్నాయి. వెన్న మా నాన్నమ్మ కడిగింది, పాలకేంద్రం బాబాయ్ చెప్పినట్టే గుడ్డలో వేలాడదీసింది. గిలకొట్టడం వదిన, నేను వంతులేసుకున్నాం.

మెలోమకారోనా మాస్టారు చెప్పినట్టు కలపగానే చెయ్యి తీసేశాం. ఈసారి నూనె బయటికి రాలేదు, పాకం అడుగుదాకా దిగింది. సగానికి విరిస్తే లోపల కూడా తడి మెరుస్తోంది. వాల్‌నట్ల బదులు జీడిపప్పు పలుకులు వేశాం, గోదావరి జిల్లా కదా, మన్నించాలి.

కురాబియే తింటూ మా బాబాయ్ ఏదో జోకేశాడు. ఎదురుగా కూర్చున్న పిన్ని ఫక్కున నవ్వింది. బాబాయ్ మీసాలు, కళ్ళజోడు అంతా పంచదార. నాన్నమ్మకి మెలోమకారోనా నచ్చింది గానీ, “పండక్కి ముందే తింటే ఉపవాసం ఏం ఉపవాసమే” అని మీ యయాని అడగమంది.

కవాలా_కోడలు | డిసెంబర్ 16, ఉదయం 10:40

నాగా, ఫోన్ చేసి అడిగాను. “ఒకటి తింటే రుచి చూడ్డం, పది తింటే పాపం, ఆవిణ్ణి మధ్యలో ఎక్కడైనా ఆగమను” అంది. మీ బాబాయ్ మీసాల సంగతి కూడా చెప్పాను, చాలాసేపు నవ్వింది.

జీడిపప్పుకి నా అభ్యంతరం లేదు. యయాకి చెప్పలేదు.

గుంటూరు_గృహిణి | డిసెంబర్ 16, మధ్యాహ్నం 1:30

ఎన్నాళ్ళు నిలవుంటాయి? మా అమ్మాయికి బెంగళూరు పంపాలి. రెండూ ఒకే డబ్బాలో సర్దొచ్చా?

కవాలా_కోడలు | డిసెంబర్ 16, మధ్యాహ్నం 2:05

ఒకే డబ్బాలో వద్దే వద్దండి. మెలోమకారోనా తడికి కురాబియేల పంచదార మొత్తం బంక అవుతుంది. విడివిడిగా అయితే ఇక్కడి చలిలో రెండూ మూడు నాలుగు వారాలు ఉంటాయి. మన దగ్గర రెండు వారాల్లో తినేయండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, వెన్నవి గట్టిపడతాయి, పాకంవి ఎండిపోతాయి.

కురాబియేదెస్ రేకు డబ్బాలో అడుగున పంచదార పొడి, ఒక వరస బిస్కెట్లు, మళ్ళీ పొడి, పైన బటర్ పేపర్, మళ్ళీ వరస. ఖాళీ లేకుండా బిగించి సర్దండి, లేకపోతే బెంగళూరు చేరేసరికి పొడే మిగులుతుంది. నిజం చెప్పాలంటే కొరియర్లో పంపాల్సింది మెలోమకారోనా. పాకం పూర్తిగా ఇంకాక, ముంచిన మర్నాడు సర్దండి. ఇక్కడైతే 24 పొద్దున్నే పిల్లలు చిన్న ఇనుప త్రికోణాలు వాయిస్తూ “పాడమంటారా?” అని తలుపు తడతారు. పాట అయ్యాక చేతిలో డబ్బులతో పాటు ఇవీ పెడతాం. వాళ్ళ సంచుల్లో నలిగినా విరగనివి మెలోమకారోనాయే.

గుంటూరు_గృహిణి | డిసెంబర్ 16, మధ్యాహ్నం 2:20

సరే, మెలోమకారోనా కొరియర్లో. కురాబియేలు మా అల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు ఇక్కడే తింటాడు. నల్ల చొక్కా వేసుకోవద్దని ముందే చెప్తా.